జీపీఎస్ డేటాతో ఫలకాల కదలిక ఎలా నేర్పాలి: బెంగుళూరు బడి ల్యాబులో నాలుగు పీరియడ్ల పద్ధతి

మీరు అడిగింది ఇది: బెంగుళూరు బడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలభై మంది, ఒక కంప్యూటరు ల్యాబు, చేతిలో నాలుగు పీరియడ్లు. భారత ఫలకం, అంటే భారతదేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, ఈశాన్యంగా కదులుతోందని పుస్తకంలో ఉన్న ఒక్క వాక్యాన్ని అసలు జీపీఎస్ అంకెలతో వాళ్లచేతే తేల్చించాలి. ఫోన్ జీపీఎస్ సరిపోతుందా, డేటా ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ తప్పులు పోతాయి అని కూడా అడిగారు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ పాఠాన్ని చాలాచోట్ల గ్రాఫు గీయించి, వాలు (ఏడాదికి ఎంత జరిగిందన్న లెక్క) కట్టించి, 'చూశారా, ఏడాదికి అయిదున్నర సెంటీమీటర్లు' అని ముగించేస్తున్నారు. అక్కడ ఆపేస్తే పిల్లలకు ఒక అంకె దక్కుతుందే తప్ప హిమాలయం ఎందుకు లేచిందో దక్కదు. ఆ అయిదున్నర దేనితో పోల్చి చెబుతున్నామన్న ప్రశ్న దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది. కాబట్టి నాలుగు పీరియడ్లలో రెండు గ్రాఫుకీ వాలుకీ, మిగతా రెండు తీసివేతలకీ ఉంచండి.

ఫోన్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే క్లాసులో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఫోన్ చూపించే స్థానం ఆరుబయట కూడా మూడు నుంచి అయిదు మీటర్లు అటూఇటూ ఊగుతుంది. మనం పట్టుకోవాలనుకున్నది ఏడాదికి అయిదు సెంటీమీటర్లు. అంటే ఒక శతాబ్దం పాటు కదిలిన దూరం ఫోన్ పొరపాటుతో సమానం. స్థిర కేంద్రాల్లో ఉండే రిసీవర్లకు ఈ ఇబ్బంది లేకపోవడానికి కారణం, అవి సంకేతంలోని కోడును కాక దాన్ని మోసుకొచ్చే రేడియో తరంగం దశనే కొలుస్తాయి. కోడులో ఒక్కో ముక్క సుమారు 293 మీటర్ల పొడవు. మోసే తరంగం పొడవు ఎల్1 అనే జీపీఎస్ పౌనఃపున్యం మీద 19 సెంటీమీటర్లే. అందులో నూరో వంతు కొలిస్తే రెండు మిల్లీమీటర్లు. దానికి తోడు రెండు పౌనఃపున్యాలు వాడి అయనావరణం (పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర) చేసే ఆలస్యాన్ని తీసేస్తారు, ఉపగ్రహాల కక్ష్యలను రెండు మూడు సెంటీమీటర్ల కచ్చితత్వంతో తర్వాత లెక్కగట్టి సరిదిద్దుతారు, 30 సెకన్లకోసారి చొప్పున రోజంతా 2,880 కొలతలు తీసుకుని వాటన్నిటికీ కలిపి రోజుకు ఒక్క స్థానం ఇస్తారు. గట్టి రాతి మీదో లోతైన పునాది మీదో బిగించిన యాంటెనా, ఇన్నేళ్లూ అదే చోట ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఈ వివరణ పది నిమిషాలకు మించనివ్వకండి. ఒక పని మాత్రం చేయించండి: ఇద్దరు పిల్లలు ఆటస్థలంలో ఒకే చోట ఫోన్ పెట్టి నిమిషానికోసారి అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. ఆరో దశాంశ స్థానం 11 సెంటీమీటర్లకు సమానం. అయిదో దశాంశమే నిలకడగా ఉండదని వాళ్లే చూస్తారు. బెంగుళూరు అక్షాంశం ఏడాదికి మారేది ఏడో దశాంశంలో మూడు అంకెలు.

ఇక డేటా. మీ అదృష్టం ఏమిటంటే ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు వాడే కేంద్రాల్లో ఒకటి మీ ఊళ్లోనే ఉంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రాంగణంలో, మన ఆటోవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే చోట, 1990ల మధ్య నుంచి నడుస్తున్న స్టేషను అది. దాని కోడు ఐఐఎస్‌సీ. దానితో పాటు హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ)లోని హెచ్‌వైడీఈ, టిబెట్ నగరం లాసాలోని ఎల్‌హెచ్‌ఏజెడ్, ఉజ్బెకిస్తాన్‌లోని కితాబ్ అనే ఊళ్లో ఉన్న కేఐటీ3 తీసుకోండి. ఈ నాలుగూ చాలు. ఎక్కువ స్టేషన్లు ఇస్తే ల్యాబు సమయమంతా ఫైళ్లు తెరవడానికే పోతుంది.

నాలుగింటి రోజువారీ స్థానాలూ అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయపు జియోడెటిక్ ల్యాబొరేటరీ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, నమోదు కూడా అక్కర్లేదు. స్టేషను కోడు కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో టెన్‌వీ3 (tenv3) అనే రకం ఫైలు దించుకోండి. ఒకే స్టేషనుకు రెండు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. ఐజీఎస్14 లేదా ఐజీఎస్20 అన్నది మొత్తం భూమిని ఆధారంగా తీసుకున్న చట్రం, మనకు కావలసింది అదే. రెండో రకంలో ఆ స్టేషను ఉన్న ఫలకం కదలికను ముందే తీసేసి ఉంటారు. పొరపాటున అది దించితే గీత దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది, 'బెంగుళూరు కదలడమే లేదు సార్' అంటారు పిల్లలు. ఆ ఫైలు కూడా దాచుకోండి, మూడో పీరియడ్‌లో పనికొస్తుంది. ఒక్కో ఫైలు ఒకటి రెండు ఎంబీలే గనక ముందురోజే పెన్‌డ్రైవులో వేసుకుని అన్ని కంప్యూటర్లలో పెట్టేయండి. ఇరవై మంది ఒకేసారి బడి వైఫైలో దించబోతే పీరియడ్ అక్కడే అయిపోతుంది.

ఫైలు మామూలు టెక్స్టు, అంకెల మధ్య ఖాళీలుంటాయి. ఎక్సెల్ అయినా లిబ్రెఆఫీస్ కాల్క్ అయినా తెరిచేటప్పుడు విభజన గుర్తుగా స్పేస్ ఎంచుకుని, వరుస ఖాళీలను ఒక్కటిగా లెక్కపెట్టమనే గడిలో టిక్కు పెట్టాలి. ఇది మరిచిపోతే కాలమ్‌లు ఒక్కో వరుసలో ఒక్కోలా జరిగిపోతాయి. సరిగ్గా తెరుచుకుంటే మొదటి కాలమ్‌లో స్టేషను పేరు, రెండో దానిలో తేదీ, మూడో దానిలో దశాంశ సంవత్సరం, నాలుగో దానిలో ఎడతెగకుండా వరసగా పెరిగే రోజు సంఖ్య ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది కాలమ్‌లు తూర్పు స్థానం. పది, పదకొండు ఉత్తరం. పన్నెండు, పదమూడు ఎత్తు. అన్నీ మీటర్లలో.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. తేదీ కాలమ్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాసి ఉంటుంది. 04 డిసెంబరు 26 అని ఉంటే అది 2004 డిసెంబరు 26. స్ప్రెడ్‌షీటు ఒక్కోసారి దాన్ని 2026 డిసెంబరు 4 అనుకుని మార్చేస్తుంది. తేదీ కాలమ్‌ను టెక్స్టుగా తెరవండి, గ్రాఫులకు మూడో కాలమ్‌నే వాడండి. రెండో గుంట: ప్రతి స్థానాన్నీ రెండు ముక్కలుగా ఇస్తారు, ఒకటి పూర్ణ భాగం, ఒకటి దశాంశ భాగం. దశాంశ భాగం ఒక్కటే గీస్తే ఎక్కడైనా పూర్ణ భాగం మారినప్పుడు గ్రాఫులో మీటరు దూకుడు కనిపించవచ్చు, పిల్లలు దాన్ని మహా భూకంపం అనుకుంటారు. రెండూ కలిపిన కొత్త కాలమ్ చేయించి, అందులోంచి మొదటి రోజు విలువ తీసేసి, 1000తో గుణించమనండి. ఇప్పుడు మిల్లీమీటర్లలో, సున్నా దగ్గర మొదలయ్యే గీత వస్తుంది.

రెండు దశాబ్దాలకు పైగా రోజువారీ డేటా అంటే వేల వరుసలు. పాత కంప్యూటర్లు మొరాయిస్తే పది రోజులకొక వరుస ఉంచుకున్నా వాలు మారదు. గ్రాఫులో చుక్కలు మాత్రమే పెట్టించండి, చుక్కలను గీతతో కలపనివ్వకండి. డేటా లేని నెలల మీదుగా గీత లాగితే అక్కడా కొలిచినట్టు భ్రమ పుడుతుంది. ఐఐఎస్‌సీ డేటాలో అలాంటి ఖాళీలు ఉన్నాయి. మూడు గ్రాఫులకూ నిలువు అక్షం ఒకే కొలతలో ఉంచడం కూడా తప్పనిసరి. స్ప్రెడ్‌షీటు తనంతట తాను కొలత ఎంచుకుంటే ఎత్తు గ్రాఫులో 20 మిల్లీమీటర్ల ఊగిసలాట, తూర్పు గ్రాఫులో మీటరు ప్రయాణం ఒకే సైజులో కనిపిస్తాయి.

వాలుకు స్లోప్ ఫంక్షన్ చాలు: మొదట మిల్లీమీటర్ల కాలమ్, తర్వాత దశాంశ సంవత్సరం. ఆ రెండింటినీ తారుమారు చేస్తే 0.02 లాంటి అంకె వస్తుంది, అది మిల్లీమీటరుకు ఎన్నేళ్లన్నది. సరిగ్గా చేస్తే ఐఐఎస్‌సీకి ఉత్తరంగా ఏడాదికి సుమారు 35, తూర్పుగా సుమారు 42 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి రెండు అటూఇటూ అయితే పట్టించుకోకండి. పైథాగరస్ పెడితే 55. దిశ ఉత్తరం నుంచి తూర్పు వైపు 50 డిగ్రీలు, అంటే ఈశాన్యానికి కాస్త తూర్పుగా. కోణం కోసం ఏటాన్2 ఫంక్షన్ వాడితే స్ప్రెడ్‌షీటులో ముందు ఉత్తరం విలువ, తర్వాత తూర్పు విలువ ఇవ్వాలి. పైథాన్‌లో వరస తిరగబడుతుంది, ముందు తూర్పు, తర్వాత ఉత్తరం. సీనియర్ పిల్లలు పైథాన్‌లో చేస్తామంటారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. 50కి బదులు 40 వచ్చిందంటే తప్పు ఇక్కడే ఉంటుంది.

ఈ అంకె వచ్చిన వెంటనే పిల్లలను వరండాలోకి తీసుకెళ్లండి. నేల మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టి, ఫోన్ దిక్సూచితో ఉత్తరం గీయించండి. బెంగుళూరులో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే, దాన్ని వదిలేయొచ్చు. స్లాబులో ఇనుప కడ్డీలుంటే మాత్రం దిక్సూచి పక్కకు లాగుతుంది, ఆటస్థలం మేలు. పదిహేనేళ్ల పిల్లవాడికి పదిహేనేళ్ల లెక్క: తూర్పుకు 63 సెంటీమీటర్లు, ఉత్తరానికి 52, ఏటవాలుగా 82. తాను పుట్టిన రోజున ఈ నేల ఎక్కడుందో, ఈ రోజు ఎక్కడుందో ఆ రెండు సుద్ద గుర్తుల మధ్య ఉంది. ఏ స్కేలూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు కొలతలో. ఈ పని నేను ఎవరికి చెప్పినా వదలొద్దనే చెబుతాను, అయిదున్నర సెంటీమీటర్లనే అంకె కళ్లముందు నిలబడేది ఇక్కడే.

రెండో పీరియడ్‌లో అంకెను అనుమానించడం నేర్పండి. ఒక జట్టుకు ఒక్క నెల డేటా, ఇంకో జట్టుకు ఏడాదిన్నర, మరో జట్టుకు పదేళ్లు ఇచ్చి వాలు కట్టమనండి. నెలలో ఉత్తరంగా జరిగేది మూడు మిల్లీమీటర్లు, రోజు కొలతల చెదురే రెండు మూడు మిల్లీమీటర్లు. కాబట్టి నెల డేటాతో వచ్చే వాలుకు విలువ లేదు. ఏడాదిన్నర డేటాలో ఇంకో సమస్య ఉంది: ఋతువులను బట్టి గీత మెల్లగా అల లాగా ఊగుతుంది. వానాకాలంలో ఉపఖండం మీద చేరే నీటి బరువుకు నేల కిందికి కుంగి, ఎండాకాలానికి మళ్లీ లేస్తుంది. గంగా మైదానంలో, అస్సాంలో ఇది బాగా కనిపిస్తుంది, బెంగుళూరులో కొద్దిగా. అల మధ్యలో మొదలుపెట్టి మధ్యలో ఆపితే వాలు ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే కనీసం రెండున్నరేళ్ల డేటా ఉండాలన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం.

ఎత్తు గ్రాఫు గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు, ఎందుకంత చిందరవందరగా ఉందని. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, భూమికి అవతలి వైపువి కనిపించవు. తూర్పు పడమరల్లో రెండు వైపులా ఉపగ్రహాలుండటంతో పొరపాట్లు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైకీ కిందికీ ఆ వీలు లేదు. దానికి గాలిలోని నీటి ఆవిరి చేసే ఆలస్యం తోడవుతుంది. ఎత్తు పొరపాటు అడ్డ దిశలకన్నా మూడు రెట్లుంటుందని చెప్పి ముందుకు వెళ్లండి. ఎత్తు వాలు చూపించి 'బెంగుళూరు లేస్తోంది', 'కుంగుతోంది' అనే తీర్పులు ఇవ్వనివ్వకండి. దక్షిణ భారతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర గనక సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, 2001, 2014, 2024 ప్రాంతాల్లో, అయనావరణపు అలజడి వల్ల చెదురు కాస్త పెరగడం కూడా సహజమే.

తర్వాత దూకుళ్లు. అదే వెబ్‌సైటులో స్టెప్స్ అనే ఫైలు ఉంటుంది. ఏ స్టేషనులో ఏ తేదీన యాంటెనా మార్చారో, ఏ భూకంపం ప్రభావం ఉండొచ్చో అందులో రాసి ఉంటుంది. యాంటెనా మారిస్తే నేల కదలకపోయినా గ్రాఫు కొన్ని మిల్లీమీటర్లు దూకుతుంది. దూకుడును పట్టించుకోకుండా మొత్తానికి ఒకే వాలు కడితే వేగం తప్పుతుంది. పిల్లలచేత చేయించదగ్గ చిన్న పరిశోధన ఒకటుంది: 2004 డిసెంబరు 26కు ముందు పది రోజుల తూర్పు విలువల మధ్యగతం, తర్వాత పది రోజుల మధ్యగతం తీసి తేడా చూడమనండి. సుమత్రా, అండమాన్ భూకంపం బెంగుళూరును సుమారు ఒక సెంటీమీటరు తూర్పుకు, అంటే చీలిక వైపుకు లాగింది. అదే భూకంపంలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ 27 సెంటీమీటర్లు, పోర్ట్ బ్లెయిర్ మీటర్ల లెక్కన కదిలాయి. సునామీ చెన్నై మెరీనాను ముంచిన సంగతి పిల్లలు విని ఉంటారు. ఆ ఉదయమే తమ ఊరి నేల కూడా జరిగిందని తమ చేతి లెక్కలో చూడటం వేరు. సగటు వాడొద్దు, మధ్యగతమే వాడండి. ఒక్క చెడ్డ రోజు సగటును లాగేస్తుంది.

దూకుళ్లున్నా వేగం సరిగ్గా రావాలంటే నెవాడా ల్యాబు వాడే పద్ధతికి చిన్న రూపం బడిలోనే చేయొచ్చు. ప్రతి రోజు విలువనూ సరిగ్గా 365 రోజుల తర్వాతి విలువలోంచి తీసివేయాలి. నాలుగో కాలమ్‌లోని రోజు సంఖ్యకు 365 కలిపి వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌తో వెతికితే ఆ విలువ దొరుకుతుంది, లేని రోజులు తప్పు గుర్తు చూపిస్తాయి, వాటిని వదిలేయండి. వచ్చిన వేల తేడాల మధ్యగతమే వేగం. దూకుడుకు అటొకటి ఇటొకటి పడ్డ జతలు మాత్రమే చెడిపోతాయి, మధ్యగతం వాటిని లెక్కచేయదు. ఏడాది ఎడం కాబట్టి ఋతువుల అల కూడా తనంతట తాను రద్దవుతుంది. వీలుకప్‌లో చివరి గడిలో ఫాల్స్ అని ఇవ్వడం మరిస్తే లేని రోజుకు దగ్గరి రోజును తెచ్చి పెడుతుంది, జాగ్రత్త.

మూడో పీరియడ్ హైదరాబాద్‌తో మొదలుపెట్టండి. హెచ్‌వైడీఈ వేగం ఉత్తరంగా సుమారు 35, తూర్పుగా సుమారు 41. బెంగుళూరు తూర్పు వేగం 42, హైదరాబాద్‌ది 41, మరి రెండూ ఒకదానికొకటి జరుగుతున్నాయా? తెలివైన పిల్లలు అవునంటారు. తప్పు. గోళం మీద ఫలకం జారడమంటే ఒక అక్షం చుట్టూ తిరగడమే. తిరిగే వస్తువు మీద వేర్వేరు చోట్ల వేగం వేర్వేరుగా ఉంటుంది, అయినా వాటి మధ్య దూరం మారదు. రంగులరాట్నం మీద నడిమధ్య గుర్రం, అంచు గుర్రం లాగా. ఈ భూచట్రంలో భారత ఫలకం తిరిగే అక్షం ఇంగ్లండ్ ఆగ్నేయ భాగం దరిదాపుల్లో, 51, 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం, సున్నా రేఖాంశం చుట్టుపక్కల నేలను తాకుతుంది. వేగం పది లక్షల ఏళ్లకు సుమారు అర డిగ్రీ. గ్లోబు మీద అక్కడ వేలు పెట్టి తిప్పి చూపించండి, బెంగుళూరు ఈశాన్యానికి ఎందుకు వెళుతుందో నోటితో చెప్పక్కర్లేదు.

దూరం మారలేదనడానికి రుజువు కూడా చేయించండి. అదే పేజీలో ఎక్స్, వై, జెడ్ నిర్దేశాంకాల ఫైలు ఉంటుంది. ఒకే రోజున రెండు స్టేషన్ల ఎక్స్ తేడా, వై తేడా, జెడ్ తేడా వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే మధ్య దూరం వస్తుంది, భూమిలోంచి సూటిగా వెళ్లే దూరం. బెంగుళూరు, హైదరాబాద్ మధ్య ఆ దూరం సుమారు 500 కిలోమీటర్లు. ఏళ్లు గడిచినా ఒకటి రెండు మిల్లీమీటర్ల చెదురులోనే నిలబడి ఉంటుంది. ఇక్కడే మీ పిల్లల ఇంకో ప్రశ్నకు జవాబుంది: ఏడాదికి అయిదున్నర సెంటీమీటర్లు కదులుతుంటే బెంగుళూరులో భూకంపాలు ఎందుకు రావు? అన్నీ కలిసి కదులుతున్నాయి గనక. నేలను విరిచేది పక్కపక్క చోట్ల వేగాల తేడా, ఆ తేడా ఇక్కడ దాదాపు లేదు. 'దాదాపు' అన్న మాట మాత్రం వదలకండి. మహారాష్ట్రలో 1967 నాటి కొయనా, 1993 నాటి కిల్లారి భూకంపాలు ఈ గట్టి ఫలకం నడుమనే జరిగాయి. జీపీఎస్ పట్టలేనంత నెమ్మదిగా పేరుకున్న ఒత్తిడి కూడా చివరకు విడుదలవుతుంది. లాల్‌బాగ్ గుట్ట మీద మూడు వందల కోట్ల ఏళ్ల నాటి నైస్ రాయి ఉంది కదా, వీలైతే ఒక శనివారం అక్కడికి తీసుకెళ్లి ఈ సంగతి అక్కడే మాట్లాడండి.

ఇప్పుడు తీసివేత. ఐజీఎస్14 చట్రంలో ఏ ఫలకమూ నిలబడి లేదు, యూరప్, ఆసియాలను మోసే యురేషియా ఫలకం కూడా తిరుగుతోంది. ఆసియా ఖండాన్ని కొట్టే వేగం కావాలంటే ఆసియా వేగం తీసేయాలి. చాలామంది ఇక్కడ కేఐటీ3 వేగాన్ని, ఉత్తరంగా సుమారు 5, తూర్పుగా సుమారు 28ని, నేరుగా బెంగుళూరు వేగంలోంచి తీసేస్తారు. అంకె నమ్మేలా వస్తుంది గానీ పద్ధతి తప్పు. కితాబ్ దగ్గర యురేషియా వేగం, బెంగుళూరు దగ్గర యురేషియా వేగం ఒకటి కావు. యురేషియా బెంగుళూరు దాకా పరచుకుని ఉంటే ఇక్కడ ఎంత వేగంతో కదిలేదో అది తీసేయాలి.

లెక్క కష్టమేమీ కాదు. ఐటీఆర్ఎఫ్2014 అనే అంతర్జాతీయ భూచట్రం ప్రకారం భారత ఫలకం తిరిగే వేగపు మూడు భాగాలు 1.154, −0.005, 1.454, యురేషియావి −0.085, −0.531, 0.770. ఏడాదికి మిల్లీ ఆర్క్‌సెకన్లలో, అంటే డిగ్రీలో 36 లక్షల వంతుల్లో. ఒక్క మిల్లీ ఆర్క్‌సెకను భూమి ఉపరితలం మీద 30.9 మిల్లీమీటర్లు. ఉత్తర వేగం కావాలంటే మొదటి భాగాన్ని రేఖాంశపు సైన్‌తో గుణించి, అందులోంచి రెండో భాగం, రేఖాంశపు కోసైన్‌ల లబ్ధాన్ని తీసేసి, 30.9తో గుణించాలి. తూర్పు వేగానికి: మూడో భాగం, అక్షాంశపు కోసైన్‌ల లబ్ధంలోంచి, అక్షాంశపు సైన్‌తో గుణించిన (మొదటి భాగం × రేఖాంశపు కోసైన్ + రెండో భాగం × రేఖాంశపు సైన్) తీసేసి, మళ్లీ 30.9. కోణాలను రేడియన్లలోకి మార్చడం మరిస్తే అర్థంలేని అంకెలొస్తాయి. పదో తరగతికి ఈ సూత్రం బరువైతే ఫలితాలు మీరే ఇచ్చేయండి, పదకొండుకు చేయించండి.

బెంగుళూరు దగ్గర యురేషియా వేగం ఉత్తరంగా 1, తూర్పుగా 27. తీసేస్తే బెంగుళూరుకు ఉత్తరంగా 34, తూర్పుగా 15 మిగులుతాయి. ఈశాన్యంగా పోతున్న బాణం ఉత్తరానికి తిరిగింది, పొడవు 55 నుంచి 37కి తగ్గింది. హైదరాబాద్‌కు 34, 13. లాసా అసలు వేగం ఉత్తరంగా సుమారు 15.5, తూర్పుగా 46.5, అక్కడి యురేషియా వేగం −3, 29 తీసేస్తే 18, 18. కితాబ్‌కు దాదాపు సున్నా. ఎ3 కాగితం మీద ఆసియా పటం గీసి, పది మిల్లీమీటర్లకు ఒక సెంటీమీటరు చొప్పున బాణాలు వేయించండి. ముందు నీలి పెన్సిలుతో చట్రంలోని అసలు వేగాలు, తర్వాత ఎర్ర పెన్సిలుతో తీసివేత తర్వాతవి. నీలి బాణాలన్నీ ఒకే వైపు పోతూ ఏమీ చెప్పవు. ఎర్ర బాణాల ఉత్తర భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి 34, 18, 0గా తరిగిపోతుంది. తరిగినదంతా నేల ముడుచుకోవడమే. ముందు దాచమన్న భారత ఫలకం చట్రపు ఫైలు ఇప్పుడు తెరవండి, అందులో బెంగుళూరు గీత అడ్డంగా ఎందుకుందో వాళ్లే చెప్పేస్తారు.

బెంగుళూరు, లాసాల మధ్య దూరం లెక్కగట్టమంటే మాత్రం ఒక చిక్కు వస్తుంది. 2,300 కిలోమీటర్ల ఆ దూరం ఏడాదికి సుమారు 11 మిల్లీమీటర్లే తగ్గుతుంది. హిమాలయం మింగేది 20 దాకా అని ఎక్కడో చదివిన పిల్లలు తమ లెక్క తప్పనుకుంటారు. తప్పు కాదు. ఆ రెండు ఊళ్లనూ కలిపే గీత ఏటవాలుగా ఉంది, పైగా టిబెట్ తూర్పుకు జారిపోతోంది, ఆ జారుడు దూరాన్ని కొంత పెంచుతోంది. దూరం ఒక్క అంకె. అది ఎటు తగ్గిందో చెప్పలేదు.

నాలుగో పీరియడ్‌లో సగం ఈ పటాల మీద చర్చకు, సగం పరీక్షకు. హిమాలయం దగ్గర ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున వచ్చేది అక్కడికక్కడే జారిపోదు. కింద అతుక్కున్న పగులు మీద స్ప్రింగులా పేరుకుంటుంది, నూరేళ్లకు రెండు మీటర్లు. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో విడుదలైంది అందులో కొంతే. కాఠ్మండు లోయ ఒక నిమిషం లోపే మీటరున్నర దాకా దక్షిణానికి జరిగింది. జరిగింది దక్షిణానికి, ఉత్తరానికి కాదు. పిల్లలు ఇక్కడ తడబడతారు: ఏళ్ల తరబడి ఉత్తరానికి నొక్కుకుపోయిన అంచు ఒక్కసారిగా వెనక్కి కొట్టింది.

మీ సహోద్యోగి ఎవరైనా చెన్నైలో ఇదే చేయాలనుకుంటే ఐఐఎస్‌సీ డేటానే వాడుకోమనండి. సూత్రంలో చెన్నై అక్షాంశ రేఖాంశాలు పెడితే ఉత్తరంగా 35.2, తూర్పుగా 42.4 వస్తుంది, బెంగుళూరుకూ దానికీ తేడా అర మిల్లీమీటరు లోపే. మెరీనా ఇసుక మీద మాత్రం సుద్ద గుర్తులు నిలవవు, బడి ఆవరణే నయం.

పరీక్షకు ఒక్క ప్రశ్న చాలు. లాసా భారత ఫలకం మీదే గట్టిగా అతుక్కుని ఉంటే అక్కడి వేగం ఉత్తరంగా 35.6, తూర్పుగా 39.4 ఉండాలి, కొలిస్తే 15.5, 46.5 వచ్చింది. తేడా ఏమిటి, ఆ తేడా ఎక్కడికి పోయింది? తీసివేత చేసి ఉత్తరంగా 20 తగ్గిందని రాస్తే సగం మార్కులు. ఆ 20 లాసాకు దక్షిణాన హిమాలయంలో ఖర్చవుతోందని, తూర్పుకు ఎక్కువైన 7 టిబెట్ పక్కకు జారడమని రాస్తే మిగతా సగం. ఎవరైనా బెంగుళూరు 34లోంచి లాసా 18 తీసి 16 అని రాస్తే సున్నా వేయకండి. భారత ఫలకం తిరుగుతోంది గనక బెంగుళూరు దగ్గరి వేగం, లాసా దగ్గర ఉండాల్సిన వేగం ఒకటి కావని పక్కన రాసి, మళ్లీ చేయమని కాగితం తిరిగివ్వండి.